జవాబు పత్రాల వెనకవైపు: ఆచార్య టోల్కీన్ కాగితాలను ఎలా చదవాలి

1930 ప్రాంతంలో ఒక వేసవి రోజున, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడొకరు నార్త్‌మూర్ రోడ్డులోని తన ఇంట్లో కూర్చుని స్కూల్ సర్టిఫికెట్ పరీక్ష జవాబు పత్రాలు దిద్దుతున్నారు. నలుగురు పిల్లల సంసారం కావడంతో జీతానికి తోడుగా ఏటా వేసవిలో ఆ పని ఒప్పుకునేవారు. ఒక విద్యార్థి ఒక పుటలో ఏమీ రాయకుండా వదిలేశాడు. దిద్దవలసింది ఏమీ లేని ఆ పుట మీద ఆచార్యులవారు, నేలలోని ఒక బొరియలో హాబిట్ అనేవాడొకడు ఉండేవాడని ఒక వాక్యం రాశారు. అలా ఎందుకు రాశారో తనకు అప్పుడూ తెలియదని, ఇప్పటికీ తెలియదని ఆయనే 1955లో కవి డబ్ల్యు.హెచ్. ఆడెన్‌కు రాసిన ఉత్తరంలో చెప్పుకున్నారు.

ఈ ముచ్చటను సాధారణంగా, హాబిట్‌లనే పొట్టి మనుషుల గురించిన పిల్లల నవల 'ద హాబిట్' పుట్టుక కథగా చెప్పి ముగిస్తారు. జె.ఆర్.ఆర్. టోల్కీన్ వదిలి వెళ్ళిన కాగితాల స్వభావమంతా దీనిలోనే ఉందని నాకనిపిస్తుంది. ఆయన ఉద్యోగపు రాత, ఆయన సొంత రాత వేర్వేరు అలమరల్లో పెరిగినవి కావు. చాలాచోట్ల అవి ఒకే కాగితానికి రెండు వైపులు. ఆ తరువాత కాలంలో అమ్మకం, వారసత్వం, ప్రచురణ అనే మూడు కారణాల వల్ల ఆ కాగితాలు ముక్కలు ముక్కలుగా విడిపోయాయి. వాటిని చదవడంలోని చిక్కులన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి.

ముందుగా ఆయన ఏమి బోధించేవారో స్పష్టంగా తెలియాలి. ఇంగ్లీషు ఆచార్యుడు అనగానే మనకు షేక్స్‌పియర్ నాటకాలో, కీట్స్ కవితలో చెప్పే వ్యక్తి గుర్తుకు వస్తాడు. టోల్కీన్ క్షేత్రం అది కాదు. వెయ్యేళ్ళ కిందటి ప్రాచీన ఇంగ్లీషు, దాని తరువాతి మధ్యయుగపు ఇంగ్లీషు, వాటి మాండలికాలు, ధ్వనుల మార్పులు, మాటల పుట్టుక ఆయన పాఠాలు. తెలుగులో చెప్పుకోవాలంటే నన్నయకు ముందటి శాసనాల భాషను అక్షరం అక్షరం విడదీసి చెప్పే పండితుడికి దగ్గరివారు.

1892 జనవరి 3న దక్షిణాఫ్రికాలోని బ్లూమ్‌ఫాంటేన్‌లో పుట్టి, నాలుగేళ్ళకు తండ్రినీ, పన్నెండేళ్ళకు తల్లినీ పోగొట్టుకుని, బర్మింగ్‌హామ్‌లో ఒక క్యాథలిక్ మతగురువు సంరక్షణలో పెరిగారు. మొదటి ప్రపంచయుద్ధంలో, 1916లో ఫ్రాన్సులోని సోమ్ యుద్ధరంగంలో ఉండి, కందకాల్లోని సైనికులకు సోకే ట్రెంచ్ ఫీవర్‌తో ఇంగ్లండుకు తిరిగివచ్చారు. చిన్ననాటి ప్రాణమిత్రుల్లో ఇద్దరు ఆ ఏడాదే యుద్ధంలో చనిపోయారు. యుద్ధం తరువాత ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు కార్యాలయంలో కొంతకాలం పనిచేసి, 1920లో లీడ్స్ విశ్వవిద్యాలయంలో చేరి, 1925లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆంగ్లో-సాక్సన్ ఆచార్య పీఠానికి, 1945లో మెర్టన్ ఆచార్య పీఠానికి వచ్చి, 1959లో పదవీ విరమణ చేశారు. ఏడాదికి కనీసం 36 ఉపన్యాసాలు చెబితే చాలని నిబంధన ఉండగా, ఆక్స్‌ఫర్డ్‌కు వచ్చిన రెండో ఏట ఆయన 136 చెప్పారని జీవితచరిత్రకారుడు హంఫ్రీ కార్పెంటర్ నమోదు చేశారు. ఉపన్యాసాల కోసం చేసుకున్న ఆ నోట్సులు కూడా ఈ కాగితాల్లో పెద్ద భాగమే.

ఇక కాగితాలు ఎక్కడున్నాయో చూద్దాం. 1956లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం మిల్వాకీ నగరంలో, జెసూట్ క్యాథలిక్ సంస్థ అయిన మార్క్వెట్ విశ్వవిద్యాలయానికి విలియమ్ రెడీ అనే గ్రంథాలయాధికారి వచ్చారు. కొత్త గ్రంథాలయానికి మంచి రాతప్రతులు సమకూర్చడం ఆయన బాధ్యత. 'ద హాబిట్'కు కొనసాగింపైన పెద్ద నవల 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' మూడు సంపుటాలుగా 1954, 1955 సంవత్సరాల్లో వెలువడి అప్పటికి రెండేళ్ళయినా కాలేదు. దాని విలువ ఎంతో విమర్శకులు ఇంకా తేల్చుకోలేదు. రెడీ మాత్రం లండన్‌లోని బర్‌ట్రమ్ రోటా అనే పుస్తక విక్రేత ద్వారా కబురు పంపి, 1957లో 1,500 పౌండ్లకు 'ద హాబిట్', 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్', 'ఫార్మర్ గైల్స్ ఆఫ్ హామ్' రాతప్రతులను, అప్పటికింకా అచ్చుకాని 'మిస్టర్ బ్లిస్' అనే పిల్లల బొమ్మల కథను కొన్నారు. ఇదే రెడీ తరువాత కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి తత్వవేత్త బెర్‌ట్రండ్ రసెల్ కాగితాలను అక్కడికి చేర్చారు. ఆయన ఎంపిక అదృష్టవశాత్తు కుదిరింది కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

డబ్బుకు ఇబ్బందిపడి టోల్కీన్ వాటిని అమ్ముకున్నారని కొందరు అనుకుంటారు. అది పూర్తి నిజం కాదు. 1956 మొదట్లో ప్రచురణకర్తల నుంచి వచ్చిన తొలి చెల్లింపే 3,500 పౌండ్లకు పైగా ఉందని, అది ఆయన వార్షిక జీతం కంటే ఎక్కువని కార్పెంటర్ రాశారు. అయితే పదవీ విరమణ దగ్గరపడుతున్నది, పుస్తకం ఎన్నాళ్ళు అమ్ముడుపోతుందో ఎవరికీ తెలియదు. పైగా బతికున్న రచయిత చిత్తుప్రతులను ఒక విశ్వవిద్యాలయం డబ్బిచ్చి కొనడం ఆ రోజుల్లో గౌరవం. ఆ స్థితిలో ఆయన ఒప్పుకోవడం సహజమని నా అభిప్రాయం.

మిగిలినవి ఆయన దగ్గరే ఉండిపోయాయి. 1973 సెప్టెంబరు 2న ఆయన మరణించాక, మూడో కుమారుడు క్రిస్టఫర్ టోల్కీన్ సాహిత్య కార్యనిర్వాహకుడిగా వాటి బాధ్యత తీసుకున్నారు. 1979 నుంచి ఆ కాగితాల్లో అధికభాగం ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయానికి చేరింది. పాఠాల నోట్సులు, అనువాదాలు, బొమ్మలు, ఆయన ఊహాప్రపంచపు పురాణాలైన 'సిల్మరిలియన్' గాథల ప్రతులు అక్కడున్నాయి. ప్రచురణకర్తలైన జార్జ్ అలెన్ అండ్ అన్విన్ సంస్థ దస్తావేజులు రెడింగ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాయి. టోల్కీన్ రాసుకున్న దినచర్య పుస్తకాలను కార్పెంటర్ చూడగలిగారు కానీ, అవి ఇప్పటికీ పూర్తిగా అచ్చుకాలేదు. వాటిలో కొంత భాగం టోల్కీన్ సొంతంగా కల్పించుకున్న లిపిలో ఉంది.

ఈ పంపకంలోని అసలు సమస్య, అది పుస్తకాల పేర్లను బట్టి జరిగింది, కాగితాలను బట్టి కాదు. 1957, 58లలో మార్క్వెట్‌కు వెళ్ళిన పెట్టెల్లో 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' ప్రతులు మొత్తం లేవు. అందులో చేరవలసిన తొలి చిత్తులు, కథాసూచనలు ఎన్నో ఇంట్లోని మరో దొంతరలో కలిసిపోయి అక్కడే ఉండిపోయాయి. 1968లో బోర్న్‌మత్‌కు మకాం మార్చే సమయంలో టోల్కీన్ మెట్ల మీద జారిపడి ఆసుపత్రిలో ఉండగానే ఇల్లు సర్దడం జరిగిపోయింది. కాగితాల వరుస ఇంకా చెదిరింది. ఒక అధ్యాయపు సాఫుప్రతి మిల్వాకీలోనూ, దాని చిత్తు ఇంగ్లండులోనూ ఉంటే, ఏది ముందుదో చెప్పాలంటే రెంటినీ పక్కపక్కన పెట్టాలి. మధ్యలో అట్లాంటిక్ సముద్రం ఉంది.

తేదీల సంగతి మరీ కష్టం. టోల్కీన్ చిత్తుల మీద తేదీలు వేయడం అరుదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో కాగితానికి కరువు రావడంతో, దొరికిన ప్రతి కాగితం వెనకవైపూ వాడుకున్నారు. పరీక్షా పత్రాల విషయం ఇక్కడ మళ్ళీ ముందుకు వస్తుంది. ఒక చిత్తు కాగితం ముందువైపున విద్యార్థి జవాబు, దాని మీద 1940 ఆగస్టు అనే తేదీ ఉంటే, వెనకవైపున్న కథ ఆ నెలకు ముందు రాసింది కాదని ఖాయంగా చెప్పవచ్చు. అంతకు మించి చెప్పలేం, ఎందుకంటే ఆ కాగితాల కట్టను ఆయన చాలాకాలం దాచుకుని కొద్దికొద్దిగా వాడారు. అందువల్ల తేదీ ఒక హద్దును చూపుతుందే తప్ప రోజును చూపదు. దానికి తోడు, మొదట పెన్సిలుతో వేగంగా రాసి, తరువాత అదే అక్షరాల మీద సిరాతో సాఫు చేయడం ఆయనకు అలవాటు. ఒక్క కాగితం మీదే రెండు దశలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి, కింది దశ చాలాచోట్ల చదవడానికి లొంగదు.

ఇంత శ్రమపడితే దక్కేది ఏమిటంటే, రచయిత జ్ఞాపకాన్ని కూడా సరిదిద్దే సాక్ష్యం. 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్'లో, మోరియా గనుల్లో బాలిన్ అనే పాత్ర సమాధి దగ్గర కథ చాలాకాలం ఆగిపోయిందని టోల్కీన్ రెండో ముద్రణ ముందుమాటలో రాశారు. ఆ మాటల ప్రకారం లెక్కవేస్తే ఆ విరామం 1940 చివర పడుతుంది. కాగితాల వరుస, సిరా, పేర్ల మార్పులు పరిశీలించిన క్రిస్టఫర్ అది 1939 చివర జరిగి ఉంటుందని వాదించారు. కథానాయకుడు ఫ్రోడో పేరు తొలి చిత్తుల్లో బింగో అని, మహారాజు ఆరగార్న్ పాత్ర చెక్క బూట్లు తొడుక్కున్న ట్రాటర్ అనే హాబిట్‌గా మొదలైందని కూడా ఈ కాగితాల వల్లే తెలిసింది. ఆ ట్రాటర్ ఎవరో రచయితకే చాలాకాలం తెలియదన్న సంగతి, పేరు ఒకటే ఉండి మనిషి మారుతూ పోయిన చిత్తుల్లో స్పష్టంగా కనిపిస్తుంది.

తాళపత్రాల పరిష్కరణ తెలిసిన తెలుగు పాఠకులకు ఈ పని కొత్తగా అనిపించదు. వేమన పద్యాల కోసం సి.పి. బ్రౌన్ ఊరూరి ప్రతులను తెప్పించి పాఠాంతరాలను సరిపోల్చిన తీరు మనకు తెలుసు. అయితే ఒక తేడా ఉంది. అక్కడ ప్రతులు రాసినవారు వేర్వేరు లేఖకులు, కవి చేతిరాత ఒక్కటీ లేదు. పరిష్కర్త వెతికేది పోయిన మూలాన్ని. ఇక్కడ ప్రతులన్నీ ఒకే చేతివి, అన్నీ మూలాలే. ఏది సరైన పాఠం అన్న ప్రశ్నకు చోటు లేక, ఎప్పుడు రాసిన పాఠం అన్న ప్రశ్న మాత్రమే మిగులుతుంది.

'సిల్మరిలియన్' దగ్గర ఈ ప్రశ్న తీవ్రమవుతుంది. యుద్ధం నుంచి వచ్చి 1916-17లో కోలుకుంటూ మొదలుపెట్టిన ఆ గాథలను, లీడ్స్‌లో పద్యంగా, 1926లో సంగ్రహంగా, 1930లో కొంత విస్తరించి, 1937లో మరింత పెద్ద గ్రంథంగా, 1950ల్లో మళ్ళీ కొత్తగా రాశారు. చివరి ఏళ్ళలో సూర్యచంద్రుల పుట్టుక కథనే మార్చాలని, బల్లపరుపు భూమిగా మొదలైన తన ప్రపంచాన్ని మొదటి నుంచీ గుండ్రంగా ఉన్నట్టు తిరగరాయాలని ఆలోచించారు. అలా చేస్తే పాత కథలన్నీ కదిలిపోతాయి. చేయకపోతే ఆయన మనసుకు సమాధానం లేదు. ఆ పని అలాగే ఉండగా ఆయన వెళ్ళిపోయారు.

క్రిస్టఫర్ స్వయంగా ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లీషు అధ్యాపకుడు, న్యూ కాలేజీ ఫెలో. 1975లో ఆ ఉద్యోగం వదులుకుని ఈ కాగితాలకే జీవితం ఇచ్చారు. కెనడాకు చెందిన యువకుడు గై గావ్రియల్ కే సహాయంతో, నలభై ఏళ్ళ వేర్వేరు ప్రతుల నుంచి భాగాలు ఎంచి, అతుకులు కనిపించకుండా కూర్చి, 1977లో ఒకే పుస్తకంగా 'ద సిల్మరిలియన్' వెలువరించారు. పాఠకులు ఆదరించారు. కానీ 1983లో, ఆ పుస్తకం ఏమిటో, ఎలా వచ్చిందో చెప్పే చట్రం ఏదీ లేకుండా ప్రచురించడం పొరపాటని ఆయనే రాశారు. ఆ ఏడాది నుంచి 1996 వరకు పన్నెండు సంపుటాల్లో చిత్తులను కాలక్రమంలో, కొట్టివేతలతో సహా, తన ఊహ ఎక్కడ మొదలవుతుందో స్పష్టంగా చెబుతూ అచ్చు వేశారు. 1977 పుస్తకంలో డోరియాత్ అనే కల్పిత రాజ్య పతనం గురించిన అధ్యాయం చాలావరకు సంపాదకుల కూర్పేనని 1994లో వచ్చిన సంపుటంలో ఒప్పుకున్నారు. తన పని మీద తానే ఇంత కఠినంగా తీర్పు చెప్పుకున్న పరిష్కర్తలు అరుదు. చదవడానికి 1977 పుస్తకం హాయిగా ఉంటుంది, నిజమే. టోల్కీన్ ఎలా ఆలోచించారో తెలుసుకోవాలంటే మాత్రం ఆ పన్నెండు సంపుటాలకే వెళ్ళాలని నేను అంటాను.

ఉత్తరాల తీరు వేరు. ఉత్తరం రాసినవారి దగ్గర ఉండదు, అందుకున్నవారి దగ్గర ఉంటుంది. రాసినవారి కాగితాల్లో మిగిలేది చిత్తు మాత్రమే. 1938లో ఒక జర్మన్ ప్రచురణ సంస్థ 'ద హాబిట్' అనువాదం తలపెట్టి, ఆయన ఆర్య సంతతివారేనా అని అడిగింది. టోల్కీన్ రెండు జవాబులు రాసి, తగినది పంపమని తన ప్రచురణకర్తలకే వదిలేశారు. మనకు దక్కింది ప్రచురణకర్తల దస్త్రాల్లో ఉండిపోయినది, అంటే బహుశా పంపనిది. ఆర్య అనే మాటను ఆయన అందులో భాషాశాస్త్రవేత్తగా పట్టుకుని, తన పూర్వీకులెవరూ హిందుస్తానీ, పారశీకం వంటి భాషలు మాట్లాడినట్టు తనకు తెలియదని, యూదులా అని అడుగుతున్నట్టయితే ఆ ప్రతిభావంతులైన ప్రజల్లో తన పూర్వీకులు లేనందుకు విచారిస్తున్నానని రాశారు. జర్మనీకి నిజంగా ఏ మాటలు వెళ్ళాయో ఈ కాగితం చెప్పదు. దీన్ని ఆయన పంపిన జవాబుగా ఉదహరించేవారు ఈ తేడాను మరచిపోకూడదు. 1981లో కార్పెంటర్, క్రిస్టఫర్ కలిసి తెచ్చిన ఉత్తరాల సంపుటిని నిడివి ఎక్కువైందని ప్రచురణకర్తలు కుదింపజేశారు. అప్పుడు తొలగించినవి, 150కి పైగా కొత్త ఉత్తరాలతో, 2023లో వచ్చిన విస్తృత ముద్రణలో చేరాయి.

కథల వెలుగులో ఆచార్యుడి కాగితాలు మరుగునపడటం నాకు బాధ కలిగిస్తుంది. ప్రాచీన ఇంగ్లీషు వీరగాథ 'బేవుల్ఫ్' కావ్యాన్ని చరిత్రకు ఆకరంగా కాక కవిత్వంగా చదవాలని 1936 నవంబరు 25న బ్రిటిష్ అకాడమీలో ఆయన చేసిన ప్రసంగం ఆ కావ్యాధ్యయనం దిశనే మార్చింది. దానికి ముందు ఆయన రాసుకున్న ఇంకా పెద్ద రూపాన్ని బోడ్లియన్ కాగితాల నుంచి మైకేల్ డ్రౌట్ 2002లో వెలువరించారు. 1926కే పూర్తయిన ఆయన 'బేవుల్ఫ్' వచనానువాదం 2014లో గానీ అచ్చుకాలేదు. మధ్యయుగపు ఇంగ్లీషు కవి చాసర్ రచనల మీద 1920ల్లో మొదలుపెట్టి ముగించలేకపోయిన విద్యార్థి సంచిక కాగితాలు ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ దస్త్రాల్లో ఉండిపోగా, జాన్ బవర్స్ వాటిని వెతికి పట్టి 2019లో పుస్తకం రాశారు. ఆయన అతి తక్కువ ప్రచురించారన్న ఫిర్యాదు బతికుండగానే ఉండేది. కాగితాలు చూస్తే, ఆయన పని చేయలేదని కాదు, చేసినదాన్ని వదలలేకపోయారని అర్థమవుతుంది.

ఇందులో నన్ను ఎక్కువగా ఆకట్టుకునే విషయం ఒకటుంది. 1929లో టోల్కీన్ ఒక వ్యాసం రాశారు. ఏకాంతవాస సన్యాసినుల కోసం రాసిన మధ్యయుగపు గ్రంథం 'ఆంక్రెన్ విస్సె'కు కేంబ్రిడ్జిలో ఉన్న రాతప్రతి, బోడ్లియన్‌లో ఉన్న 'బాడ్లీ 34' అనే రాతప్రతి వేర్వేరు లేఖకులు రాసినా, వాటి వర్ణక్రమం, వ్యాకరణం అచ్చంగా కలుస్తున్నాయని చూపి, పశ్చిమ మిడ్‌లాండ్స్ ప్రాంతంలో ఒక శిక్షితమైన లిఖిత భాష ఉండేదని నిరూపించారు. అక్షరాల తీరు, చిన్న చిన్న రూపభేదాల నుంచి ఒక సమాజపు రాత అలవాటును రాబట్టిన ఆ పద్ధతినే ఇప్పుడు పరిశోధకులు ఆయన కాగితాల మీద ప్రయోగిస్తున్నారు. ఆయన పరిశీలించిన 'బాడ్లీ 34', ఆయన చిత్తు కాగితాలు ఇప్పుడు ఒకే గ్రంథాలయంలో ఉన్నాయి. 1731 అగ్నిప్రమాదంలో అంచులు మాడి బయటపడ్డ ఒకే ఒక్క 'బేవుల్ఫ్' ప్రతి మీద జీవితం గడిపిన మనిషికి, ఒక కాగితం పోతే ఏం పోతుందో బాగా తెలుసు. తన చిత్తులను ఆయన అంతగా దాచుకోవడానికి అదీ ఒక కారణమై ఉండవచ్చు.

హక్కుల విషయంలో ఒక గందరగోళం తరచుగా కనిపిస్తుంది. మార్క్వెట్ విశ్వవిద్యాలయం కొన్నది కాగితాలను. వాటి మీది రాతను అచ్చు వేసుకునే హక్కు టోల్కీన్ వారసులదే. అందువల్ల అక్కడికి వెళ్ళి చదివినవారు కూడా అనుమతి లేకుండా పుటలకు పుటలు ప్రచురించలేరు. ఆయన జీవితకాలంలో అచ్చయిన రచనలకు కాపీహక్కు బ్రిటన్‌లో మరణానంతరం 70 ఏళ్ళు, అంటే 2043 చివరి వరకు ఉంటుంది. భారతీయ చట్టంలో ఆ గడువు 60 ఏళ్ళు, అంటే 2033 చివర. మరణానంతరం తొలిసారి వెలువడ్డ రచనలకు గడువు లెక్కించే పద్ధతి వేరు కనుక, అన్నింటినీ ఒకే గాటన కట్టకూడదు. తెలుగులోకి అనువదించాలనుకునేవారికి ఈ తేడా ముఖ్యం.

కాగితాలు ఇప్పటికీ దొరుకుతూనే ఉన్నాయి. చిత్రకారిణి పాలిన్ బేన్స్ దగ్గరుండిన 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' ప్రతిలో దాగి ఉన్న, టోల్కీన్ తన చేత్తో సూచనలు రాసిన, ఆ కథ జరిగే మిడిల్ ఎర్త్ అనే ఊహాలోకపు పటం 2015లో బయటపడగా, బోడ్లియన్ 2016లో 60,000 పౌండ్లతో దాన్ని సేకరించింది. ఆయన కల్పించిన భాషల వ్యాకరణాలు, పదకోశాలను ఒక చిన్న పండిత బృందం దశాబ్దాలుగా విడతలు విడతలుగా వెలువరిస్తూ వచ్చింది. 2018లో బోడ్లియన్ ఏర్పాటు చేసిన ప్రదర్శనలో మిల్వాకీ ప్రతులు, ఆక్స్‌ఫర్డ్ ప్రతులు, 1950ల తరువాత మొదటిసారి ఒకే కప్పు కింద కలిశాయి.

అంతకు చాలా ముందే క్రిస్టఫర్ మరో పని చేశారు. తండ్రి అమ్మకంలో చేరవలసి ఉండి ఇంట్లో మిగిలిపోయిన 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' చిత్తులను తన సంపుటాల కోసం పరిశీలించి, పరిశీలన అయిన కొద్దీ 1980ల నుంచి వేల పుటలను మిల్వాకీకి పంపారు. మార్క్వెట్‌లో వాటిని అప్పటికే ఉన్న ప్రతుల మధ్య వాటి వాటి స్థానాల్లో ఉంచారు. ముప్పై ఏళ్ళుగా సముద్రానికి అటొకటి ఇటొకటి ఉన్న చిత్తు, సాఫుప్రతి అలా ఒకే అట్టపెట్టెలోకి చేరాయి.